తిన్నగా నడవని బండి: చక్రాల అమరిక చరిత్ర

చదునైన తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ పట్టు సడలించగానే బండి తనంతట తాను ఎడమకో కుడికో జరిగిపోతుంటే, బండి లాగుతోందంటారు. లాగడం వేరు, బండి తిన్నగానే పోతున్నా స్టీరింగ్ చక్రం వంకరగా నిలవడం వేరు, ముందు చక్రాలు గజగజ ఊగడం వేరు. మూడింటికీ కారణాలు వేర్వేరు కాబట్టి మరమ్మతులూ వేర్వేరు. మోటారు వృత్తి ఈ తేడాను ఒక్కరోజులో పట్టుకోలేదు. చక్రాల కోణాలు కొలిచి సరిచేసే పనిని ఇప్పుడు వీల్ అలైన్‌మెంట్ అంటున్నారు. అందులో చూసే మూడు ప్రధాన కోణాల్లో రెండు మోటారు కన్నా పాతవి, గుర్రపు బండి నుంచి వచ్చినవి.

యూరప్ గుర్రపు బండి చక్రం చదునుగా ఉండేది కాదు. ఆకులు కుండ దగ్గర నుంచి అంచు దాకా కొద్దిగా బయటికి వాలి ఉండేవి. గుర్రం అడుగు అడుగుకీ బండి పక్కలకు ఊగి, కుండను అటూ ఇటూ నెడుతుంది. వాలుగా బిగించిన ఆకులు ఆ తోపుడును బాగా ఓర్చుకుంటాయి. అయితే వాలిన ఆకు మీద బరువు పడితే విరుగుతుంది. ఏ క్షణంలోనైనా బరువు మోసేది అడుగునున్న ఆకు గనుక అది నేలకు నిలువుగా ఉండాలి. అందుకని ఇరుసు కొనలను కిందికి వంచేవారు. దాంతో చక్రాల పైభాగాలు బయటికి ఒరిగేవి. మోటారు భాషలో దీని పేరు క్యాంబర్. ఇరుసు కొనలను ఇంకొంచెం ముందుకు కూడా వంచేవారు. అప్పుడు రెండు చక్రాల ముందు అంచులు ఒకదానికొకటి దగ్గరవుతాయి, నడుస్తున్న చక్రం బయటనున్న సీల మీదికి పోకుండా ఇరుసు భుజానికి ఆనుకుని ఉంటుంది. అదే తర్వాతి కాలపు టో-ఇన్. ఇంగ్లండు సర్రే ప్రాంతపు ఫార్న్‌హామ్‌లో తండ్రి తర్వాత బండ్ల కార్ఖానా నడిపిన జార్జ్ స్టర్ట్ 1923లో వెలువరించిన 'ది వీల్‌రైట్స్ షాప్'లో ఈ పనితనాన్ని వివరంగా రాశాడు. అక్కడి పనివాళ్ళకు కోణాలు డిగ్రీల్లో తెలియవు. కంటి అంచనా, చేతి అలవాటు, పాత బండి నమూనా, ఇవే కొలతలు.

బండి మలుపు తిరగాలంటే ముందరి ఇరుసు మొత్తం నడిమి కీలు మీద తిరిగేది. 1810ల్లో మ్యూనిక్ బండ్ల తయారీదారు గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదలనివ్వకుండా, కొనల్లో ఒక్కో చక్రానికి ఒక్కో కీలు పెట్టి, రెంటినీ కడ్డీతో కలిపాడు. లండన్‌లో ఆయన తరఫున 1818లో పేటెంటు తీసుకున్నది బొమ్మల పుస్తకాల ప్రచురణకర్తగా పేరుపొందిన రుడోల్ఫ్ ఆకర్‌మన్. పేరు ఆయనదే నిలిచింది. అంతకు దాదాపు అరవై ఏళ్ళ ముందు ఇంగ్లండు వైద్యుడు ఇరాస్మస్ డార్విన్ ఇదే ఆలోచన చేశాడు గానీ అది ఆయన సొంత బండి దాటి పోలేదు. గుర్రపు బండ్లవాళ్ళు ఈ కొత్త ఏర్పాటును పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళకు దాని అవసరమూ లేదు. బండిని దారిలో ఉంచేది గుర్రం. చక్రం ఒకటి బరువుగా తిరిగినా, ఇరుసు కాస్త వంకరైనా, ఆ లోపాన్ని మెడతో మోసేది అదే.

గుర్రం పోయాకే లాగుడు ఒక సమస్యగా పైకొచ్చింది. 1873లో ల మాన్స్‌లో అమెదే బొలే కట్టిన ఆవిరి బండి 'లొబెయిసాంత్'లో ముందు చక్రాలకు విడివిడి కీళ్ళున్నాయి. నాలుగు చక్రాల స్టీరింగ్ చిక్కు వీడకే కార్ల్ బెంజ్ 1886 నాటి బండిని మూడు చక్రాల మీద నిలబెట్టాడు. చక్రానికొక కీలు పెట్టే పద్ధతికి ఆయన 1893లో పేటెంటు పొందాకే నాలుగు చక్రాల విక్టోరియా వచ్చింది. ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది పుట్టుకతోనే ఉంది. కీలు గీత నేలను తాకే చోటు, టైరు నేలను తాకే చోటు ఒకటి కావు. మధ్యలో కొంత దూరం ఉంటుంది. ఆ దూరం ఒక మీట అవుతుంది. ఎడమ చక్రానికి రాయి తగిలినా, ఇసుక అడ్డొచ్చినా ఆ మీట మీద బలం పడి రెండు చక్రాలూ ఎడమకు తిరుగుతాయి. రెండు వైపులా అడ్డు సమానంగా ఉంటే బలాలు కడ్డీలోనే చెల్లిపోతాయి, లేకపోతే మిగిలినది నడిపేవాడి చేతికొస్తుంది. ఇవాళ ఒక వైపు టైరులో గాలి తగ్గినా, ఒక బ్రేకు పూర్తిగా వదలకపోయినా బండి ఆ వైపుకే లాగడానికి కారణం ఈ మీటే.

దాన్ని పొట్టి చేయడానికి పాత బండ్ల క్యాంబర్ పనికొచ్చింది. చక్రం పైభాగం బయటికి ఒరిగితే అడుగుభాగం లోపలికి జరిగి కీలు గీతకు దగ్గరవుతుంది. కానీ ఒరిగిన చక్రానికి ఒక దుర్గుణం ఉంది. పల్లీల పొట్లాన్ని నేల మీద దొర్లిస్తే తిన్నగా పోకుండా మొన చుట్టూ తిరిగినట్టు, ఒరిగిన చక్రం తాను ఒరిగిన వైపుకే తిరగాలని చూస్తుంది. ఎడమది ఎడమకు, కుడిది కుడికి. రెండూ సమానంగా ఒరిగితే తగువు తీరిపోతుంది, టైర్లు మాత్రం అరుగుతాయి. ఆ అరుగుదల తగ్గించడానికి టో-ఇన్ ఇచ్చారు. గుర్రపు బండిలో సీలను కాపాడిన వంపు ఇక్కడ రబ్బరును కాపాడే పనిలో కుదిరింది. ఒక వైపు క్యాంబర్ ఎక్కువైతే మాత్రం బండి ఆ వైపుకు లాగుతుంది. ఈ సూత్రంలో ఇప్పటికీ మార్పు లేదు.

మూడో కోణం క్యాస్టర్ మాత్రం మోటారుదే. 1896లో ఆర్తూర్ క్రెబ్స్ అనే ఫ్రెంచి సైనికాధికారి ఒక పేటెంటు తీసుకున్నాడు. స్టీరింగ్ కీలు గీత నేలను తాకే చోటుకు కొంత వెనకగా చక్రం ఆనేలా అమర్చితే, పక్కకు తిప్పిన చక్రం వదలగానే తనంతట తాను తిన్నబడుతుందన్నది అందులోని సారం. క్రెబ్స్ అంతకు ముందే, 1884లో, షార్ల్ రెనార్‌తో కలిసి 'లా ఫ్రాన్స్' అనే వాయునౌకను ఎగిరిన చోటికే మళ్ళీ తెచ్చి దింపినవాడు. దిశ నిలకడ గురించి ఆలోచించడం ఆయనకు అలవాటైన పనే. అదే 1896లో పారిస్-మార్సెయ్ పందెంలో ఎమిల్ లెవసోర్ కారు దారికి అడ్డొచ్చిన కుక్క వల్ల బోల్తా పడింది. ఆ కారుకు ఉన్నది స్టీరింగ్ చక్రం కాదు, తిప్పుడు కర్ర. లెవసోర్ మరుసటేడు చనిపోయాక పానార్-లెవసోర్ కంపెనీ పగ్గాలు క్రెబ్స్ చేతికే వచ్చాయి. క్యాస్టర్ బండిని తిన్నగా ఉంచే బలం కాబట్టి రెండు వైపులా సమానంగా లేకపోతే తక్కువున్న వైపు ఓడిపోతుంది, బండి అటు లాగుతుంది.

1920ల దాకా ముందు ఇరుసు ఒకే ఉక్కు దుంగ. లాగుడు వైద్యం కమ్మరి పనికి దగ్గరగానే ఉండేది. క్యాంబర్ తేడా వస్తే ఇరుసును వంచి సరిచేసేవారు. క్యాస్టర్ తేడా వస్తే ఇరుసుకూ కమాన్ కట్టలకూ మధ్య ఏటవాలు ఉక్కు ముక్కను దోపేవారు. టో తేడా వస్తే రెండు చక్రాలను కలిపే కడ్డీ, అంటే టై రాడ్, మర తిప్పేవారు. నిజాం సంస్థాన రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు వచ్చిన గ్లాస్గో ఆల్బియన్ బస్సులదీ దుంగ ఇరుసే. లారీల్లో ఆ నిర్మాణం ఈనాటికీ పోలేదు.

వైద్యం ఉంది గానీ కొలత మొరటుగా ఉండేది. చక్రాన్ని పైకెత్తి తిప్పుతూ టైరు చుట్టూ సుద్దతోనో మొనతోనో ఒక గీత గీసి, రెండు గీతల మధ్య దూరాన్ని ముందూ వెనకా ఇరుసు ఎత్తులో కొలిస్తే టో తేలుతుంది. తూకపు దారం వేలాడదీస్తే క్యాంబర్ కనబడుతుంది. క్యాస్టర్ కంటికి కనబడదు. చక్రాన్ని తెలిసిన కోణం మేర ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ తిప్పి, ఆ రెండు స్థానాల మధ్య క్యాంబర్ ఎంత మారిందో చూసి దాన్ని లెక్కగట్టాలి. టైరు నేలను ఒరుసుకోకుండా తిరగడానికి కింద తిరుగుడు పలకలు కావాలి. పరికరం లేని చోట క్యాస్టర్‌ను కొలిచేవారే కాదు. నడిపి చూసి, ముక్క దోపి, మళ్ళీ నడిపి చూసేవారు.

కొలతలు కంపెనీల చేతికి వెళ్ళేలా చేసినవి 1920ల్లో కలిసివచ్చిన రెండు మార్పులు, ముందు చక్రాలకు బ్రేకులు, తక్కువ గాలితో నడిచే లావు బెలూన్ టైర్లు. బ్రేకు పడగానే ఇరుసు మెలి తిరిగి క్యాస్టర్ మారిపోయేది. రెండు బ్రేకులు సమానంగా పట్టకపోతే బండి ఒక పక్కకు కోసుకుపోయేది. బెలూన్ టైర్లతో ముందు చక్రాలు విపరీతంగా ఊగడం మొదలైంది. షిమ్మీ అని పేరుపడిన ఆ జబ్బు గురించి ఫ్రాన్సులో జార్జ్ బ్రూలియే 1925లో లోతైన పరిశోధన వెలువరించాడు. టైరు నడిచే దిశకూ చూసే దిశకూ మధ్య చిన్న తేడా ఉంటుందని, పక్క బలాలు అక్కడే పుడతాయని అప్పుడే తెలిసివచ్చింది. మెకానిక్కులకు ఈ సిద్ధాంతంతో పని లేకపోయినా దాని ఫలితం వాళ్ళ చేతికి వచ్చింది. ఎంతిస్తే అంత మంచిదనుకున్న క్యాస్టర్‌ను ఇప్పుడు డిగ్రీల్లో అదుపు చేయాల్సి వచ్చింది. ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్ ఐలండ్‌లో బేర్ కంపెనీ కొలిచే పరికరాలనూ, ఇరుసును కాల్చకుండా చల్లగానే వంచే యంత్రాలనూ అమ్ముతూ అలైన్‌మెంటును ఒక ప్రత్యేక వృత్తిగా నిలబెట్టిన సంస్థల్లో ఒకటి.

దుంగ ఇరుసుకు కార్లలో ముగింపు పలికినవాడు మారిస్ ఓలీ. రోల్స్ రాయిస్ నుంచి 1930లో కెడిలాక్‌కు వచ్చిన ఈ ఇంజినీరు ప్రయాణం మెత్తగా ఉండాలంటే ముందు స్ప్రింగులు మెత్తబడాలన్నాడు. దుంగ ఇరుసుతో అది కుదరదు. ఒక చక్రం గతుకెక్కితే రెండోదీ ఒరుగుతుంది, తిరిగే చక్రం ఒరిగితే పక్కకు తిరగబోతుంది, ఊగుడు పెరుగుతుంది. జనరల్ మోటార్స్ 1934 మోడళ్ళలో ఒక్కో ముందు చక్రానికీ విడి సస్పెన్షన్ వచ్చింది. ఊగుడు జబ్బు చాలావరకు తగ్గింది, లాగుడుకు మాత్రం కొత్త తలుపులు తెరుచుకున్నాయి. ఒక్క ఉక్కు ముక్కలో స్థిరంగా ఉండే కోణాలు ఇప్పుడు చేతులు, బుష్‌లు, బాల్ జాయింట్ల మధ్య పంచబడ్డాయి. ఏ బుష్ అరిగినా కోణం మారుతుంది. అందుకే తయారీదారులు సరిచేసే వీలు కూడా కల్పించారు. ఫ్రేముకూ చేతికీ మధ్య పెట్టే పల్చని షిమ్‌లు, అసమకేంద్రపు బోల్టులు దీనికోసమే. ముందు షిమ్ తీసి వెనక వేస్తే క్యాస్టర్ మారుతుంది, రెండు చోట్లా సమానంగా వేస్తే క్యాంబర్ మారుతుంది. అలైన్‌మెంట్ పనివాడికి ఇంత స్వేచ్ఛ అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు. 1946లో సెయింట్ లూయిస్‌లో మొదలైన హంటర్ వంటి సంస్థలు అమ్మిన పరికరాలు ఆ స్వేచ్ఛకు తోడయ్యాయి. చక్రానికి బిగించిన దీపం గోడ మీది పలకపై కాంతి గీతను వేస్తే కోణాన్ని నేరుగా చదువుకోవచ్చు.

రోగ నిర్ణయానికి ఒక వరుస ఏర్పడింది కూడా ఈ కాలంలోనే. ముందు గాలి చూడాలి. తర్వాత కొంత దూరం నడిపి చక్రాల వేడి చూడాలి, వదలని బ్రేకు వేడి వల్లే దొరికిపోతుంది. చక్రాన్ని పైకెత్తి ఊపి స్టీరింగ్ కీలైన కింగ్ పిన్, బుష్, బేరింగ్ వదులు చూడాలి. వదులు భాగాల మీద కొలిచిన కోణానికి అర్థం లేదు. స్ప్రింగ్ ఒక వైపు కుంగిందేమో ఎత్తు కొలవాలి. ఆ తర్వాతే క్యాస్టర్, క్యాంబర్, చివరగా టో. మొదటి రెండూ మారిస్తే మూడోదీ మారుతుంది కాబట్టి ఈ క్రమం తప్పదు. కుడి ఎడమల మధ్య క్యాంబర్‌లో గానీ క్యాస్టర్‌లో గానీ అర డిగ్రీ మించి తేడా ఉండకూడదన్నది చాలా బండ్లకు స్థూలంగా సరిపోయే లెక్క. ముందు టో ఎంత తప్పినా సాధారణంగా బండి లాగదు, ఎందుకంటే నడుస్తుండగా రెండు చక్రాలూ ఆ తప్పును సమానంగా పంచుకుంటాయి. అది టైర్లను మాత్రం తినేస్తుంది. లాగుతోందని వచ్చిన బండికి టో ఒక్కటి సరిచేసి పంపడం ఈ వృత్తిలో ఎప్పటినుంచో ఉన్న చెడ్డ అలవాటు.

రోడ్డు వాలునూ లెక్కలోకి తీసుకోవాలి. నీళ్ళు నిలవకుండా రోడ్డు నడుమ ఎత్తుగా వేస్తారు. రోడ్ల నిర్మాత జాన్ లౌడన్ మెకాడమ్ 30 అడుగుల వెడల్పు రోడ్డుకు 3 అంగుళాల ఎత్తు చాలన్నాడు. భారత రోడ్డు ప్రమాణాల్లో నాణ్యమైన తారు, సిమెంటు రోడ్లకు 1.7 నుంచి 2 శాతం, కంకర రోడ్లకు 2.5 నుంచి 3 శాతం వాలు ఉంటుంది. ఎడమ పక్కన నడిచే దేశంలో బండి కొద్దిగా ఎడమకు జారడం రోడ్డు చేసే పని. ఖాళీగా ఉన్న వెడల్పు రోడ్డు మీద నడిగీతకు అవతల కూడా కాస్త దూరం నడిపితే సంగతి తేలిపోతుంది. లాగుడు దిశ మారితే తప్పు రోడ్డుది, మారకపోతే బండిది. కొందరు తయారీదారులు ఈ వాలును ముందే లెక్కగట్టి రెండు వైపుల క్యాస్టర్‌లో కొద్ది తేడా ఉంచుతారు. అమెరికా కుడి పక్క నడకకు రాసిన ఆ తేడాను ఇక్కడ వాడితే ఫలితం తలకిందులవుతుంది.

మన దేశంలో ఆ షిమ్‌ల స్వేచ్ఛ చాలామంది మెకానిక్కులకు అందలేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా 1957 నుంచి వచ్చిన అంబాసిడర్‌లో టో తప్ప ముందు కోణాలేవీ మర తిప్పి మార్చేవి కావు. క్యాంబర్ తప్పిందంటే ఏదో అరిగిందనో వంగిందనో అర్థం, ఆ భాగం మార్చడమే మరమ్మతు. లారీల సంగతి వేరు. అధిక బరువుకు కమాన్ కట్టల మధ్యనున్న సెంటర్ బోల్టు తెగితే ఇరుసు ఒక కొన వెనక్కి జరుగుతుంది. ముందు ఇరుసైతే వెనక్కి జరిగిన వైపుకు లారీ లాగుతుంది, వెనక ఇరుసైతే లారీ పక్కవాటుగా నడుస్తుంది. దీన్ని పట్టడానికి యంత్రం అక్కర్లేదు. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం రెండు పక్కలా టేపుతో కొలిస్తే చాలు. 1960ల నుంచి పెరిగిన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కమాన్ కట్టల పని, ఇరుసు పని, టైర్ల పని పక్కపక్కనే ఉండటం వల్ల ఒక లాగుడు కేసు ఒకే వీధిలో తేలిపోయే వీలుండేది.

తర్వాతి మలుపు ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్‌ది. ఆయన రూపొందించిన స్ట్రట్ 1950లో ఇంగ్లండు ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లలో వచ్చింది. పై చేయి తీసేసి, షాక్ అబ్జార్బర్‌నే స్టీరింగ్ కీలుగా వాడే ఏర్పాటు ఇది. చవక, తక్కువ చోటు. 1983 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చిన మారుతి 800 దీన్ని మన వీధి వీధికీ తెచ్చింది. అందులోనూ సరిచేయగలిగింది టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ కర్మాగారంలో బాడీ షెల్లుకు వేసిన రంధ్రాల స్థానాన్ని బట్టి ఖాయమైపోతాయి. గోతిలో పడి స్ట్రట్ వంగినా, ప్రమాదంలో షెల్లు జరిగినా యంత్రం ఆ తప్పును చూపిస్తుంది, తిప్పి సరిచేయడానికి బోల్టు మాత్రం ఉండదు. కొలత పదునెక్కేకొద్దీ సరిచేసే చోట్లు తగ్గడం ఈ చరిత్రలో విచిత్రమైన మలుపు. టైర్ల దుకాణం నుంచి వచ్చే ముద్రిత కాగితంలో ఎర్ర అంకెలు అలాగే మిగిలిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

అంకెలన్నీ పచ్చగా ఉన్నా బండి లాగడానికి పెద్ద కారణం రేడియల్ టైరు. మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకున్న ఈ టైరులో ఉక్కు పట్టీలు ఉంటాయి. తయారీలో పట్టీ కొద్దిగా పక్కకు జరిగితే టైరు ఒక అంచున బిగువుగా, మరో అంచున మెత్తగా ఉండి, నిలువుగా నిలబడ్డా ఒరిగినట్టే దొర్లుతుంది. దీన్ని ఏ కోణమాపకమూ చూడలేదు. పరీక్ష మాత్రం సులువు. ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి నడిపితే, లాగుడు అవతలి వైపుకు మారినా, మాయమైనా దోషం టైరుదే. ఏ మార్పూ లేకపోతే సస్పెన్షన్‌లో వెతకాలి.  లాగుతున్న బండికి క్యాస్టర్ సర్దేముందు ఈ పరీక్ష చేయకపోతే, టైరు దోషాన్ని సస్పెన్షన్‌తో కప్పినట్టవుతుంది. టైరు మార్చిన రోజున బండి ఎదురు వైపుకు లాగుతుంది.

వెనక చక్రాలకూ విడి సస్పెన్షన్ విస్తరించాక, ముందు చక్రాలు మాత్రమే కొలిచే పద్ధతి చాలకుండా పోయింది. వెనక చక్రాల టో తప్పితే అవి తోసే దిశ బండి నడిగీత నుంచి పక్కకు పోతుంది. బండి తిన్నగా పోవాలంటే నడిపేవాడు స్టీరింగ్‌ను వంకరగా పట్టుకోవాలి. కాబట్టి నాలుగు చక్రాలనూ వెనక తోపు గీతతో పోల్చి కొలవడం మొదలైంది. 1990ల మధ్య జాన్ బీన్ సంస్థ తెచ్చిన కెమెరా యంత్రం చక్రాలకు తగిలించిన చుక్కల పలకల్ని చూసి, బండిని కొద్దిగా ముందుకూ వెనక్కూ దొర్లిస్తే చాలు, స్థానాలన్నీ లెక్కగట్టింది. నేడు మన పట్టణాల్లో కనబడే అలైన్‌మెంట్ యంత్రాల్లో అనేకం ఆ వంశానివే.

కరెంటు మోటారుతో పనిచేసే పవర్ స్టీరింగ్ లాగుడును దాచిపెట్టగలదు. డ్రైవరు కొంత దూరం ఒకే వైపు బలం పెడుతున్నాడని సెన్సర్ గమనిస్తే, మోటారు అంత బలాన్నీ తానే భరిస్తుంది. గత దశాబ్దంన్నరగా కొన్ని కంపెనీల కార్లలో ఈ సదుపాయం ఉంది. రోడ్డు వాలుకు ఇది మంచి మందే. వంగిన భాగానికీ, గాలి తగ్గిన టైరుకూ కూడా అదే మందు పడుతుంది కాబట్టి మెకానిక్కు లక్షణం కనబడక తికమకపడతాడు, టైరు అరుగుదల చూసి వెనక్కి ఊహించుకోవాలి. సెన్సర్ సున్నా స్థానం తప్పితే కోణాలన్నీ సరిగ్గా ఉన్న బండిని మోటారే పక్కకు తోయవచ్చు. అందుకే ఈ తరం కార్లలో టో సరిచేశాక స్టీరింగ్ కోణం సెన్సర్‌ను స్కానర్‌తో మళ్ళీ సున్నాకు తేవడం అలైన్‌మెంట్ పనిలో భాగమైంది. లేన్‌ను చూసి నడిపే కెమెరాలున్న కార్లలో ఆ కెమెరా గురిని కూడా చాలా తయారీదారులు ఆ తర్వాతే సరిచూడమంటున్నారు.